ఆగమన కాలంలో మన ఇంటి వంతు

సువార్తకు,

నీవు పోయాక వచ్చిన ఈ మొదటి ఆగమన కాలంలో, క్రిస్మసు ముందరి ఈ వారాల్లో, ఇంటింటి ప్రార్థన వంతు సెక్టర్ 4లోని మన ఉక్కు ప్లాంటు క్వార్టరుకు వచ్చినదని తెలియజేయడమైనది. నీవు ప్రార్థించడం, నేను టీ పెట్టి "ఆమెన్" అనడం పెళ్ళయిన నాటి నుంచి మన పని విభజన. నీవు పోయాక ఆ ఒక్క మాట కూడా నా నోట రాలేదు. ఈ సంగతి సంఘానికి ఇంకా నివేదించలేదు.

"ఈసారికి మీ ఇల్లు వదిలేద్దామా బాబూ?" అని సంఘ పెద్ద అడిగారు. క్రమం మార్చడానికి తగిన కారణం కనబడలేదని బదులిచ్చాను.

ఆ రోజు మన ఇంట్లో చేరిన సంఘం వారందరూ కళ్ళు మూసుకున్నారు. ఇంటి యజమానిగా లేచి నిలబడి, ప్లాంటు ఆఫీసు అలవాటు కొద్దీ, "ప్రభువుల వారికి విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలుపెట్టాను. ఆపైన విన్నవించడానికి ఏమీ దొరకలేదు. వంటగదిలో టీ పొంగిపోతున్న చప్పుడు అందరికీ వినిపించింది. వెళ్ళి దించేవారు ఎవరూ లేరు.

పక్క ఊరు చరోదా నుంచి వచ్చిన మరియమ్మ పిన్ని కళ్ళు తెరవకుండానే అంది: "ఏటి బాబూ, దేవుడికి కూడా దరఖాస్తేటి? అన్నం తింతన్నావో నేదో, అదే సెప్పు."

"తింటున్నాను ప్రభూ," అన్నాను. "ఒక్కడినే తింటున్నాను."

అంతటితో కూర్చున్నాను.

పైన వినేవారు ఉన్నారో లేరో నాకు ఇప్పటికీ రూఢిగా తెలియదు. అయినా వచ్చే ఆదివారం ప్రార్థన కూడా మన ఇంట్లోనే పెట్టమని సంఘ పెద్దను కోరాను. చెప్పవలసినది ఇంకా మిగిలి ఉంది.