అనుబంధం నెం. 7

జూన్ 2

ధ్రువీకరణ మండలి గుమాస్తా గారికి,

ఆసుపత్రి మూడో అంతస్తు, పక్షవాతం వార్డు నర్సు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నన్నంతా మొక్కలమ్మ అంటారు. అసలు పేరు దరఖాస్తులో ఉంది, ఆ పేరుతో పిలిచేవాళ్ళే లేరు.

ఉద్యాన చికిత్సలో సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పంపుతున్నాను. చెయ్యి పడిపోయినవాళ్ళ చేత, మాట పడిపోయినవాళ్ళ చేత డాబా మీద కుండీల్లో మొక్కలు పెంచించి, వాళ్ళని మళ్ళీ మామూలు మనుషుల్ని చేయడం నా పని. పదిహేనేళ్ళుగా చేస్తున్నా, కాగితమే లేదు. ఇప్పుడు కొత్తగా వచ్చిన మేనేజరు గారు "సర్టిఫికెట్ లేని వైద్యానికి డాబా ఎందుకు? ఆగస్టు ఆఖరుకి అక్కడ జనరేటర్ పెట్టిస్తా" అంటున్నారు. డాబా పోతే నా రోగులు గోడలు చూస్తూ కూర్చోవాలి. కాస్త తొందరగా చూడండి అన్నయ్యగారూ, పుణ్యముంటుంది.

ఇట్లు,
మొక్కలమ్మ

తా.క.: "మీ పనికి నమూనా ఒకటి జతపరచవలెను" అని ఫారంలో ఉంది. చిన్న కుండీలో పుదీనా పంపుతున్నా. మూడాకులుంది. దారిలో భయపడి ఉంటుంది, రెండు రోజులు దాన్ని ఏమీ అనకండి.

జూన్ 9

దరఖాస్తుదారు గారికి,

తమ దరఖాస్తు అందినది. పరిశీలించగా ఈ క్రింది లోపములు కనబడినవి.

గత ఏడాదిలో పది మంది రోగులకు తలా ఇరవై గంటల చికిత్స చూపవలసి ఉండగా, పదవ రోగి అయిన దర్జీకి పద్నాలుగు గంటలు మాత్రమే చూపినారు. మిగిలిన ఆరు గంటలు ఎక్కడ?

తాము క్రింద సంతకం చేయువారిని "అన్నయ్యగారూ" అని సంబోధించినారు. నిబంధన 11 ప్రకారం మండలి ఉద్యోగుల బంధువులు దరఖాస్తు చేయరాదు. చుట్టరికం ఏ వైపుదో తెలుపగలరు.

పుదీనా "అనుబంధం నెం. 7, ఆకులు మూడు" అని నమోదైనది. నిర్ణయం వెలువడే వరకు అనుబంధములన్నీ అందిన స్థితిలోనే భద్రపరచబడును.

ఇట్లు,
ఇన్‌వర్డ్ సెక్షన్ గుమాస్తా
(రబ్బరు ముద్ర)

తా.క.: అనుబంధం భయపడినట్లు లేదు. తల మాత్రం వాల్చినది.

జూన్ 14

గుమాస్తా గారికి,

దర్జీ సంగతా? పద్నాలుగో గంటకి సూదిలో దారం ఎక్కించాడండీ! ఎక్కించి, "ఇక వస్తానమ్మా" అని దణ్ణం పెట్టి తన కాళ్ళమీద మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బాగుపడ్డాడని ఏడవనా? వెనక్కి పిలిచి మిగతా ఆరు గంటలకీ మళ్ళీ పడుకోబెట్టనా?

చుట్టరికం మాటకొస్తే, నేను బస్సు కండక్టర్నీ అన్నయ్యా అంటాను, పాలవాణ్ణీ అన్నయ్యా అంటాను, మా లిఫ్టు బాగుచేసే అతన్నీ అంతే. వీళ్ళందరూ నిజంగా అన్నయ్యలైతే మా అమ్మ ఏమైపోవాలి?

ఇంకోటి. ఉత్తరంలోనేమో "క్రింద సంతకం చేయువారు" అంటారు, తీరా కింద చూస్తే ముద్ర! సంతకం పెట్టే ఓపిక కూడా లేదా బాబూ తమకి?

ఇట్లు,
మొక్కలమ్మ

తా.క.: తల వాల్చిందంటే నీళ్ళడుగుతోందని. రూలు పుస్తకంలో నీళ్ళ మాట లేదని చూస్తూ కూర్చున్నారు కదూ? రోజూ ఓ అరగంట దాని దగ్గర కూర్చోండి. చెంచాతో మట్టి గుల్ల చెయ్యండి, చిన్న గ్లాసుతో కొంచెం కొంచెంగా నీళ్ళు పొయ్యండి, తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడవండి. అరగంటా అనకండి. హడావిడి పడితే దానికి తెలిసిపోతుంది.

జూన్ 25

దరఖాస్తుదారు గారికి,

రోగి కోలుకొనుట నిబంధనల సడలింపునకు కారణం కాజాలదు. దర్జీ స్థానంలో మరొక రోగిని చూపవలెను.

తమ తల్లిగారి విషయం ఫైలులో చేర్చబడినది. ఆధారములు జతపరచలేదు.

నీళ్ళు పోయుట భద్రపరచుటలో భాగమే అని సూపరింటెండెంటు గారు అభిప్రాయపడినందున, 18వ తేదీ నుండి రోజూ అరగంట పోయబడుచున్నది. అనుబంధమును ముట్టుకొన్న ప్రతిసారీ మొదలు, ముగింపు వేళలు రిజిస్టరులో రాయవలెను. ఏ రోజుకారోజు సూపరింటెండెంటు గారు సంతకం చేయుచున్నారు.

అయితే 22వ తేదీన లెక్కించగా ఆకులు ఐదు కలవు. ఎవరి అనుమతితో రెండు ఆకులు చేర్చబడినవో ఏడు రోజులలో సంజాయిషీ ఇవ్వగలరు.

ఇట్లు,
ఇన్‌వర్డ్ సెక్షన్ గుమాస్తా
(రబ్బరు ముద్ర)

తా.క.: చెంచా ఎడమ చేత్తో పట్టుకొన్నచో కుండీ గిర్రున తిరుగుచున్నది. క్రింద సంతకం చేయువారి కుడిచెయ్యి పక్షవాతం వల్ల రెండేళ్ళుగా పనిచేయుట లేదు. ముద్ర వేయుట అందుకే. ఇది ఫిర్యాదు కాదు. నమోదు కొరకు మాత్రమే.

జూలై 1

గుమాస్తా గారికి,

నా నోటికి తాళం వెయ్యాలి. ముద్ర చూసి పొగరనుకున్నాను. పక్షవాతం వార్డులో పదిహేనేళ్ళు పనిచేసినదాన్ని, నాకే తట్టలేదు. సిగ్గుగా ఉంది, మన్నించండి.

ఆకుల సంజాయిషీ: ఆ రెండూ ఎవర్నీ అడక్కుండా వాటంతటవే వచ్చాయి. మొదటి తప్పుగా వదిలెయ్యండి.

ఇక్కడ మేనేజరు గారు టేపు తెచ్చి డాబా కొలిచారు. దరఖాస్తులో ఐదో రోగి, మాట పడిపోయిన హెడ్మాస్టరు గారు టమాటా కుండీ పక్కన కూర్చుని అదంతా చూశారు. చూసి, మూడు నెలల్లో మొదటిసారి నోరు విప్పారు. ఆ మాట ఉత్తరంలో రాయదగ్గది కాదు గానీ, నాకు మాత్రం పండగే!

ఇట్లు,
మొక్కలమ్మ

తా.క.: చెంచా పిడికి పాతగుడ్డ చుట్టండి. లావుగా ఉంటే పట్టు దొరుకుతుంది. కుండీ ఎడమ చేతికివ్వండి, చెంచా కుడి చేతికి. జారితే జారనివ్వండి, మట్టేగా! వారం పోయాక చివరి చిగురు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి తుంచండి. తుంచితేనే గుబురవుతుంది. వేళ్ళు వాసన చూసుకోండి.

జూలై 22

దరఖాస్తుదారు గారికి,

అనుబంధం చిగురు తుంచి నష్టపరిచినందుకు క్రింద సంతకం చేయువారికి మెమో ఇవ్వబడినది. మెమో ఇచ్చినదీ, జవాబు రాసినదీ క్రింద సంతకం చేయువారే. జవాబు తృప్తికరముగా లేదు.

తుంచిన చోట రెండు కొమ్మలు వచ్చినవి. ఆకులు ముప్పై నాలుగు. ఇకపై ఆకుల లెక్క నెలకొకసారి చాలునని సూపరింటెండెంటు గారు అన్నారు.

పదవ రోగి వివరములు నేటికీ అందలేదు. కమిటీ ఆగస్టు 20న సమావేశమగును. ఆలోగా అందనిచో దరఖాస్తు తిరస్కరించబడును. ఇందులో క్రింద సంతకం చేయువారు చేయగలిగినది ఏమీ లేదు.

ఇట్లు,
ఇన్‌వర్డ్ సెక్షన్ గుమాస్తా
(రబ్బరు ముద్ర)

తా.క.: ఈ ఉదయం చొక్కా పైబొత్తాం నేనే పెట్టుకున్నాను. మా ఆవిడ చూస్తూ నిలబడిపోయింది. పాలు పొంగిపోయాయి. ఇద్దరం ఏమీ అనుకోలేదు.

ఆగస్టు 6

గుమాస్తా గారికి,

మీ తా.క. వార్డులో చదివి వినిపించాను. అందరూ చప్పట్లు కొట్టారు, కొట్టగలిగినవాళ్ళు రెండు చేతుల్తో, మిగతావాళ్ళు ఒంటిచేత్తో మంచం మీద.

నా పని అయిపోయింది. ఈ నెల రోజుల్లో వచ్చిన కొత్తవాళ్ళు ముగ్గురే. ఒకాయన నాలుగు రోజుల్లో వేరే ఊరు వెళ్ళాడు, ఒకావిడకి మొక్కలంటే తుమ్ములు, మూడో ఆయన మేనేజరు గారి మావగారు. జనరేటర్ వచ్చి కింద గేటు దగ్గర కూర్చుంది. రోజూ దాన్ని దాటుకునే పైకొస్తున్నా. ఏడుపొస్తోంది, ఎవరి ముందూ ఏడవలేను. మీ రూళ్ళకో దండం. మీ మీద మాత్రం కోపం లేదు.

ఇట్లు,
మొక్కలమ్మ

తా.క.: తిరస్కరించాక పుదీనా వెనక్కి పంపకండి, మీ దగ్గరే ఉంచుకోండి. కిటికీ వైపు వాలిపోకుండా రోజూ కాస్త తిప్పుతుండండి. ఇదే నా ఆఖరి సలహా. ఈసారి అన్నయ్యా అనలేదు, చూశారా?

ఆగస్టు 21

దరఖాస్తుదారు గారికి,

అక్షరములు వంకరగా ఉన్నచో మన్నించగలరు. ఇది టైపు చేసినది కాదు, కుడిచేత్తో రాయబడినది.

నిన్నటి సమావేశమునకు తమ ఫైలు సిద్ధము చేయుచుండగా అనుబంధముల రిజిస్టరు చూడడమైనది. జూన్ 18 నుండి నలభై పనిదినములు, రోజుకు అరగంట, వెరసి ఇరవై గంటలు. ప్రతి పుటలో పర్యవేక్షకునిగా సూపరింటెండెంటు గారి సంతకం కలదు. చికిత్సకురాలి లిఖిత సూచనలు కలవు, అవి తమ తా.క.లు. రోగి మెరుగుపడినట్లు ఆధారం కావలెనన్నచో, మొదటి ఉత్తరం కింద ముద్రను, ఈ ఉత్తరం కింద సంతకమును పోల్చి చూడగలరు.

పదవ రోగిగా క్రింద సంతకం చేయువారు నమోదైనారు.

రోగి దరఖాస్తుదారుకు అన్నగారా అని కమిటీ ప్రశ్నించగా, తమ తల్లిగారి విషయం పైకి చదవబడినది. అధ్యక్షులవారు కళ్ళద్దాలు తీసి తుడుచుకొని, ఆధారములు అక్కరలేదన్నారు. సర్టిఫికెట్ జతపరచడమైనది. చట్రం కట్టించి మేనేజరు గారి బల్లకెదురుగా తగిలించగలరు.

ఫైలు మూసివేయబడినది. కావున నిబంధన 11 ఇక వర్తించదు.

ఇట్లు,
మీ అన్నయ్య
(స్వహస్తముతో)

తా.క.: నిర్ణయం తరువాత అనుబంధములు అందిన స్థితిలోనే తిప్పి పంపవలెను. వద్దన్నా తప్పదు. మీరు పంపినది మూడాకులు. అందుకని మూడాకుల కొమ్మ ఒకటి తుంచి, తడిగుడ్డ చుట్టి పంపుతున్నాను. నీళ్ళలో పెడితే వేళ్ళు వేస్తుంది. దారిలో భయపడి ఉంటుంది చెల్లెమ్మా, రెండు రోజులు దాన్ని ఏమీ అనకు.