బావ సంతకం పెట్టకముందే

మల్లోర్కా, 5 ఆగస్టు 2006

సరోజక్కకు, నేనూ నీ మరదలు ప్రేమజ్యోతీ క్షేమంగా చేరాము. మీ ఇంటిల్లిపాదికీ ప్రభువు కాపుదల ఉండాలి.

పశువైద్యుల సదస్సు జరిగే ఊరు దూరం కావడంతో విమానాశ్రయంలోనే కారు కిరాయికి తీసుకున్నాను. సెలవుల రద్దీలో రెండు గంటలు వరుసలో నిలబడ్డాము. కౌంటరులోని ఉద్యోగి కారు చూపకుండానే కాగితం ముందుకు జరిపి, "అందరూ ఇక్కడే సంతకం చేస్తారు" అన్నాడు. కారుకు ఏ దెబ్బా లేదని అందులో ముందే అచ్చువేసి ఉంది. ఆ తొందర నాకు అనుమానం కలిగించింది. చేవెళ్ల అంగడిలో ఎద్దును నడిపించి చూడనిదే మనం పగ్గం పట్టుకోము కదా. కారు చూశాకే సంతకం అన్నాను. "ఇదేమన్న ఎద్దా? పండ్లు గూడ జూస్తరా?" అని ప్రేమజ్యోతి నవ్వింది. తీరా చూస్తే మూడు గీతలు, తలుపు కింద ఒక సొట్ట. అవన్నీ కాగితంలో రాయించాను. మా వెనుక నిలబడిన వృద్ధ దంపతుల కారును కూడా చూసిపెట్టాను.

ఇక బావ సంగతి. కొత్త కారును మాదాపూర్ కంపెనీకి తిప్పడానికి కాంట్రాక్టరు ఇచ్చిన ఇంగ్లీషు కాగితం గురించి ఫోనులో అడిగితే, "అందరు పెడ్తున్నరు, నాకొక్కనికే ఏమైతది?" అన్నారు. ఇక్కడ అదే మాట విన్నాక నాకు ఆ కాగితం మీద నమ్మకం పోయింది. నెలాఖరున సంతకమట. ఇరవై ఆరున వచ్చి, ప్రతి వాక్యం తెలుగులో చదివి వినిపిస్తాను. సెల్లు బావ జేబులోనే ఉంటుంది కనుక నీకు కార్డు రాస్తున్నాను. ఆ కాగితాన్ని నీ బైబిలులో పెట్టుకో. నిన్నడగకుండా బావ అక్కడి నుంచి తీయరు.

గేదె ఈనిందా? మాయ పడకపోతే లాగడానికి ఎవరినీ చేయి పెట్టనీయవద్దు.

బావకు నా వందనాలు. కోపం వస్తే నా మీదనే చూపమను.

నీ తమ్ముడు
నతానియేలు