ఖలాస్ అన్నాను

అక్టోబర్ 23, 2024, బుధవారం

బాస్కెట్‌బాల్ సీజన్ మొదలైంది. ఇంటర్నేషనల్ సిటీ నుంచి ఫ్యాక్టరీ దాకా కంపెనీ బస్సులో ఫోన్ పట్టుకుని మ్యాచ్ చూశాను. అమెరికాలో రాత్రి ఆట, మాకు టిఫిన్ టైమ్. పక్క సీట్లో మా ఫ్యాక్టరీ ఖాజా నా భుజం మీద తలపెట్టి నిద్రపోయాడు. వాడు లేస్తాడేమోనని డంక్ పడినప్పుడు కూడా అరవలేదు.

అమలాపురంలో కాలేజీ టీమ్‌కి పాయింట్ గార్డ్‌ని నేను. టీమ్ మొత్తంలో పొట్టివాణ్ణి, నోరు మాత్రం అందరికంటే పెద్దది. ఇప్పుడు దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక ప్యాకింగ్ ఫ్యాక్టరీకి స్టోర్‌కీపర్‌ని. బాస్కెట్‌బాల్ గురించి మాట్లాడాలంటే నా భార్య మంగాదేవి తప్ప ఎవరూ లేరు, ఆవిడ వినదు. అందుకే ఒక వాట్సాప్ గ్రూపులో తెలుగులో వాయిస్ నోట్లు పెడుతుంటాను. ఏ టీమ్ డిఫెన్స్ ఎలా ఉంది, ఏ ప్లేయర్ సెలవుల్లో ఒళ్ళు పెంచుకొచ్చాడు, ఎవరు మోకాలి నొప్పి దాచిపెట్టి ఆడుతున్నారు, ఇలాంటివి.

ఈరోజు నోట్‌లో ఒకటే చెప్పాను. మొదటి పది మ్యాచ్‌లు చూసి ఏ టీమ్‌నీ నమ్మొద్దని. కొత్త పెళ్ళికొడుకుని చూసి కాపురం ఎలా ఉంటుందో ఎవరు చెప్పగలరు?

నన్ను ఆ గ్రూపులో చేర్చింది మా బస్సు డ్రైవర్ యాసీన్, జగిత్యాల వైపు మనిషి. ఫుట్‌బాల్ గురించి కూడా జర ఒక ముక్క చెప్పన్నా అని బతిమాలాడు. నాకు ఫుట్‌బాల్ అంటే పదకొండు మంది అని తెలుసు. కాదంటే బాగుండదని శనివారం మ్యాచ్ డ్రా అవుతుందన్నాను.

అక్టోబర్ 27, ఆదివారం

డ్రా అయింది.

మధ్యాహ్నం లచ్చన్న ఫోన్ చేశాడు. జెబెల్ అలీ క్యాంపులో ఉండే మేస్త్రీ, యాసీన్ ఊరివాడే. ఒక్కసారి కలిశాం. నీ నోట్ల చక్కెర పొయ్య సూరిబాబన్నా, నువ్వు డ్రా అంటివి, మేం డ్రా మీదనే పెడితిమి అన్నాడు. ఏం పెట్టారు అని అడిగాను. పైసలన్నా, ఇంకేం పెడ్తం అని నవ్వాడు.

తింటున్న పరోటా చేతిలోనే ఉండిపోయింది.

నా వాయిస్ నోట్లు విని క్యాంపులో బెట్టింగ్ కాస్తున్నారు. వసూళ్ళు యాసీన్‌వి. ఆ పైన ఎవరో ఉన్నాడట, అందరూ ముదీర్, అంటే మేనేజర్, అంటారట, మొహం చూసినవాడు లేడు. ఈ దేశంలో బెట్టింగ్ అంటే జైలు, ఆ తర్వాత విమానం. ఎవరు కాశారో ఎవరు వసూలు చేశారో తర్వాత సంగతి, ఆ నోట్‌లో వినిపించే గొంతు మాత్రం నాది.

సాయంత్రం పార్కులో మంగాదేవికి చెప్పాను. జుమేరాలో ఒక విల్లాలో వంటపని తనది, ఆదివారమే సెలవు. మీరు పందెం కాయలేదు కదండీ, మీకేటి భయం అంది. బెంచీ మీద చీరకొంగు మెలిపెట్టింది. మిమ్మల్ని పంపేస్తే నేనిక్కడ ఒక్కదాన్నీ ఏం చెయ్యనండీ అంది. ఆవిడ వీసా స్పాన్సర్ చేసిన ఆ ఇంటి యజమాని, కఫీల్, చేతిలో ఉంది. నన్ను విమానం ఎక్కిస్తే ఆవిడ వెనకాల రాలేదు.

నేను ఇందులోంచి బయటపడాలి. నాకింకేమీ వద్దు.

అక్టోబర్ 28, సోమవారం

యాసీన్ బస్సు నడుపుతూ అద్దంలో నన్ను చూసి నవ్వాడు. నేనే కళ్ళు దించుకున్నాను. చేసింది వాడు, సిగ్గు నాకు.

అక్టోబర్ 30, బుధవారం

టీ బ్రేక్‌లో యాసీన్‌ని బస్సు వెనక్కి తీసుకెళ్ళి అడిగేశాను. నా గొంతు ఎందుకు అమ్ముకుంటున్నావని. గట్టిగా అడగాలనుకున్నాను, సగంలోనే బతిమాలుకున్నట్టు అయిపోయింది.

వాడికి కోపం రాలేదు. గిదేం పెద్ద ముచ్చట అన్నా, నువ్వు ఆట గురించి చెప్తున్నవ్, గంతే గద అన్నాడు. ఇక చెప్పనన్నాను. అట్లనకు, ముదీర్ సాబ్‌కు నీ మాట మస్తు నచ్చింది, నీ నంబర్ గూడ ఇచ్చిన అన్నాడు. నాకేదో ప్రమోషన్ ఇప్పించినట్టు భుజం తట్టాడు.

బెదిరించి ఉంటే ఇంత భయం వేసేది కాదు.

నవంబర్ 2, శనివారం

లచ్చన్న చెప్పాడు. పక్క క్యాంపుకి మఫ్టీలో ఇద్దరొచ్చి ఫోన్లు చూశారట. నలుగురిని వ్యాన్ ఎక్కించారట. ఎందుకో తెల్వదన్నా అన్నాడు. నాకు తెలిసిపోయినట్టే అనిపించింది.

గ్రూపులోంచి బయటికొచ్చాను. నోట్లన్నీ డిలీట్ చేశాను. చేశాక గుర్తొచ్చింది, నేను చెరిపింది నా ఫోన్‌లోనే. మిగతా ఫోన్లన్నిటిలో నేను మాట్లాడుతూనే ఉన్నాను.

పక్క పార్టిషన్‌లో కుక్కర్ విజిల్ వేస్తే లేచి నిలబడ్డాను. రూమ్‌లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అన్నం మాత్రం దిగలేదు.

నవంబర్ 3, ఆదివారం

మ్యాచ్ చూడలేదు.

నవంబర్ 6, బుధవారం

మొత్తానికి చెప్పేశాను.

స్టోర్ బయట కంటైనర్ లోడ్ చేయిస్తుంటే యాసీన్ ఫోన్. శుక్రవారం మ్యాచ్‌ల ఎర్ర జెర్సీలోల్లు గెలుస్తరా అన్నా, జల్ది చెప్పు, పోరగాళ్ళు అడుగుతున్రు అన్నాడు. (టీమ్ పేరు ఇక్కడ రాయను. ఇది ఎవరూ చదవరని తెలుసు, అయినా రాయను.) ఆ టీమ్ మొత్తం వాళ్ళ సెంటర్, ఆ ఏడడుగుల ఆయన మీదే నడుస్తుంది. ఆయన చీలమండ బెణికింది. ఆయన లేకపోతే రింగు తగిలి వెనక్కొచ్చే బంతిని, రీబౌండ్‌ని, పట్టే నాథుడు లేడు, ఆ టీమ్ పని అయిపోయినట్టే. యాసీన్‌తో నా పని కూడా అయిపోయింది, ఇక ఎవరూ నన్ను అడగొద్దు. ఇదంతా విడమర్చి చెప్పే ఓపిక లేక ఒక్క మాటలో తేల్చేశాను.

ఖలాస్.

పెట్టేశాను. వెంటనే మళ్ళీ మోగింది, ఎత్తలేదు. ఎంత తేలిగ్గా ఉందో! క్యాంటీన్‌లో రెండుసార్లు సాంబారు పోయించుకున్నాను.

నవంబర్ 7, గురువారం



లచ్చన్న ఫోన్ చేశాడు. క్యాంపులో చిట్టీ వేసుకుంటారు, ఈ నెల పాట ఆయనది. ఊళ్ళో పొలానికి బోరు వేయిద్దామని ఎత్తాడు. ఆ పైసలన్నీ ఎర్ర జెర్సీల మీద పెట్టిన అన్నా అన్నాడు. ఎందుకు పెట్టావయ్యా అని అరిచాను. నువ్వే ఖలాస్ అన్నవంట గద అన్నాడు.

ఇక్కడ లోడ్ ఎక్కినా ఖలాస్, ఉద్యోగం ఊడినా ఖలాస్. బేరం కుదిరి చేతులు కలిపినా ఖలాసే. ఆరేళ్ళుగా నేనే రోజుకి వందసార్లు వాడుతున్నాను. ఆ టీమ్ పోయింది అని నేనన్నాను. ఖాయం, ఇక అడగక్కర్లేదు అని వాళ్ళు విన్నారు.

ఆ టీమ్ ఓడిపోతుందయ్యా, వెనక్కి తీసుకో అన్నాను. పైసలు యాసీన్ తాననే ఉన్నయన్నా అన్నాడు. యాసీన్‌కి చేశాను. పైకి పోయిందన్నా, ఇగ వాపస్ రాదు, పక్కానా అని మళ్ళ అడుగుదామని చేస్తే నువ్వు ఎత్తకపోతివి అన్నాడు. క్యాంపంతా పెట్టిందట, లచ్చన్న ఒక్కడే కాదు.

ఓడితే ఎవడో ఒకడు కడుపు మండి నా వాయిస్ నోట్ తీసుకెళ్ళి పోలీసులకి వినిపిస్తాడు. వినిపిస్తే తప్పు పట్టలేను. దేవుడా, ఆ చీలమండ నయం చెయ్యి.

నవంబర్ 8, శుక్రవారం

ఆట మాకు తెల్లవారకముందే మొదలైంది. బస్సెక్కి ఫోన్ తెరిచేసరికి మూడో క్వార్టర్. ఏడడుగుల ఆయన కోటు వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఎర్ర జెర్సీలు పద్నాలుగు వెనక. నేను చెప్పినట్టే జరుగుతోంది, ఒక్క రీబౌండ్ పట్టలేకపోతున్నారు. ఇంత సరిగ్గా ఏ ఏడూ చెప్పలేదు నేను.

అప్పుడు వాళ్ళ కోచ్ ఒక గడ్డం ఆయన్ని దింపాడు. ముసలాయన, అంటే ఆటలో ముసలాయన. పోయిన సీజన్‌లోనే రిటైర్ కావలసినవాడని ఆయన గురించి ఒక నోట్ కూడా పెట్టాను. ఆయన ఎగరడు, ఎగరలేడు. నడుం అడ్డం పెట్టి నిలబడతాడు, బంతి ఆయన మీద పడుతుంది. ఒకటి, ఇంకోటి. పద్నాలుగు తొమ్మిదయింది, తొమ్మిది నాలుగయింది. జెబెల్ అలీ రోడ్డు మీద ట్రాఫిక్ ఆగింది. యాసీన్ స్టీరింగ్ వదిలేసి, తలతిప్పి, నా మొహంలో స్కోరు చూస్తున్నాడు. ఆఖరి సెకన్లలో ఎవడో విసిరిన బంతి రింగుకి తగిలి బయటికొచ్చింది, ముసలాయన దాన్ని వేలితో నెట్టాడు. లోపల పడింది.

ఒక్క పాయింట్‌తో గెలిచారు.

నేను అరిచాను. ఖాజా దడుచుకుని లేచాడు. యాసీన్ హారన్ మీద చెయ్యి తీయలేదు. లచ్చన్నకి బోరు పడుతుంది! కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, నిజంగా.

ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగుతుంటే యాసీన్ వంగి నా మోకాళ్ళు ముట్టుకున్నాడు. సెంటర్ లేకుండ గెలుస్తరని నీకెట్ల తెల్సన్నా అన్నాడు. అప్పుడు అర్థమైంది. ఓడిపోయి ఉంటే తన్నేవాళ్ళు, తిట్టేవాళ్ళు, కానీ నన్ను వదిలేసేవాళ్ళు.

నవంబర్ 9, శనివారం

సెలవైనా యాసీన్ రూమ్ దగ్గరికే వచ్చాడు, మిఠాయి డబ్బాతో. తలుపు సగమే తీశాను. నా వల్ల కాదు, ఇక చాలు, ఖలాస్ యాసీన్ అన్నాను.

వాడు జేబులోంచి ఫోన్ తీసి, బొటనవేలు సిద్ధంగా పెట్టుకుని, ఏ టీమ్ అన్నా అని అడిగాడు.

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

నవంబర్ 10, ఆదివారం

మంగాదేవి పార్కుకి పరుగులాంటి నడకతో వచ్చింది. పక్క విల్లా డ్రైవర్, పేరు కూడా తెలియదట, గేటు దగ్గర ఆపి ఖలాస్ భాయ్ మీ ఆయనేనా అని అడిగాడట. మా ఆయన పేరు సూరిబాబండీ అని చెప్పి లోపలికొచ్చేసిందట. ఆవిడ ఇంటి గేటు దాకా వచ్చేసింది నా పేరు. అసలది నా పేరు కూడా కాదు.

నంబర్ మార్చేయండి, ఇప్పుడే పదండి అని చెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరం వెళ్ళి కొత్త సిమ్ తీసుకున్నాం. పాతది విరిచి ఆవిడే చెత్తబుట్టలో పడేసింది. కొత్త నంబర్ ఆవిడకి, మా సూపర్‌వైజర్‌కి తప్ప ఎవరికీ ఇవ్వలేదు. మీరు నోరు తెరవకపోతే చాలండీ అంది. తెరవనని ఒట్టు వేశాను.

నవంబర్ 13, బుధవారం

కొత్త నంబర్ మోగింది. మంగాదేవి అనుకుని ఎత్తాను.

ఎవరో, హిందీలో. ఖలాస్ భాయ్, శనివారం నీలం జెర్సీలు గెలుస్తాయా అని అడిగాడు. నేను నోరు తెరవలేదు. ఊపిరి కూడా తీయలేదు.

అర్థమైంది భాయ్, షుక్రియా అని పెట్టేశాడు.