చిన్నక్క కొత్త కొలత

చిరంజీవి తమ్ముడికి, ఇంటిల్లిపాదినీ దేవుడు చల్లగా చూడాలి.

నిన్న పొద్దున నేను ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి చిన్నక్క కుట్టుమిషన్ మీది దుప్పటి తీసి కూర్చుంది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత తనకోసం జాకెట్టు కుట్టుకోవడం ఇదే మొదలు. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి వాస్తుందేమోనని నా భయం. తీరా తొడుక్కుంటే, రొమ్ము తీసేసిన వైపు గుడ్డ ఖాళీగా వేలాడింది. అలవాటుకొద్దీ పాత కొలతకే కత్తిరించేసింది. ఏడుస్తుందనుకున్నాను. “ఊరందరి కొలతలూ తీస్తాను, నా కొలతే నాకు తెలీదు. టేపు పట్టవే అక్కా!” అని పకపకా నవ్వింది. కోత మచ్చ మీదుగా టేపు పెట్టి కొత్త కొలత నేనే తీశాను.

వచ్చే వారం మళ్లీ పరీక్షలు. నాకు కంటిమీద కునుకు లేదు. నువ్వూ ప్రార్థించు. నా కళ్లజోడు అక్కడే మరిచిపోయాను, పంపు. చంటిదాని దగ్గు తగ్గిందా? దానికి నా ముద్దులు.

సాయంత్రం అందరం కూర్చుని, పరీక్షల్లో ఏం తేలినా మిషన్ అమ్మకూడదని, వెలుతురుండే కిటికీ దగ్గరికి జరపాలని అనుకున్నాం. అమ్మేద్దామన్న చిన్నబావే దాన్ని మోశాడు. చిన్నక్క ముందు మీ దగ్గరున్న అమ్మకి కుడుతుందట. కొలతలు కొత్తగా తీసి పంపమని నా మరదలికి చెప్పు, పాతవి నమ్మదట.

— పెద్దక్క