శామ్యూల్ కారుకు స్ప్రింగులు
తెనాలి, ఆగస్టు 1989, గురువారం

ఇవాళ శామ్యూల్ వాళ్ల నాన్న బాపట్ల నుంచి నా మెకానిక్ షెడ్డుకొచ్చారు. రిటైరైన లెక్కల మేస్టారు. రెండేళ్ల క్రితం కొడుకు ప్రాణం తీసిన ఆ రెండు సీట్ల చిన్న రేసు కారును మళ్లీ నడిచేలా చేయమన్నారు.

"అన్నీ మావాడు పెట్టించుకున్నట్టే ఉండాలి బాబూ. స్ప్రింగులు కూడా అవే."

కానీ శామ్యూల్ అడిగింది మెత్తటి స్ప్రింగులు. గట్టివైతే మలుపులో కారు ఒరగదని నేనే వాణ్ణి ఒప్పించి గట్టివి బిగించాను. అంత తేలిక బండికి అవి మరీ గట్టివి. గతుకు తగిలితే చక్రాలు నేలను వదిలి ఎగురుతాయని నాకు తట్టలేదు. రేపల్లె రోడ్డు మలుపులో అదే జరిగి కారు కాలవలో పడింది. స్పీడే కారణమని అందరూ అంటే నేనూ తలూపాను. అప్పట్నుంచీ వాడు కలలోకొచ్చి స్ప్రింగుల గురించే అడుగుతున్నాడు.

ఇవాళ చెప్పేశాను. "మేస్టారూ, ఆ స్ప్రింగులు వాడు కోరినవి కావండి. గట్టివి నేనే వేశాను, కారు కాలవలో పడింది వాటివల్లే. తప్పు నాదండి."

ఆయన బల్ల మీద కూలబడ్డారు.

"అయితే వాడు స్పీడుగా నడపలేదా? రెండేళ్లుగా ప్రార్థనలో కూడా వాణ్ణి తిడుతూనే ఉన్నానయ్యా."

వెళ్లబోతూ, "వాడడిగినవే వెయ్యి. ఆ మలుపు దాకా నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటాను," అన్నారు.

మెత్తటివి బిగించాను, మిగతా రిపేర్లు ఆదివారం లోపు అయిపోతాయి. మేస్టారు ఆ రోజు చర్చి అయ్యాక వస్తారట. స్టీరింగు పట్టుకోవాలంటే భయంగానే ఉంది, అయినా ఆ మలుపు దాకా నడుపుతాను.