గట్టు మీది మనిషి

వసంతక్కా, నేను బాగున్నాను, అమ్మకు అంతే చెప్పు. డ్రోన్ నడిపే కొలువుకు పోవద్దన్నానని నాయిన నా ఫోన్ ఎత్తడం లేదు. ఈ కార్డు ఆయనకు నువ్వే చదివి వినిపించు.

పత్తికి మందు కొట్టడానికి మన రాజోలికి వస్తున్న ఆ డ్రోన్ మా కంపెనీదే. దాని చుట్టూ గాలి ఎట్లా తిరుగుతుందో కంప్యూటర్‌లో చూసే పని నాది. డ్రోన్ పెట్టాను, కింద చేను పెట్టాను, నడిపేవాడు నిలబడే గట్టు మీద నాయిన ఎత్తున ఒక మనిషిని పెట్టాను. రెక్కల గాలి నేలకు కొట్టుకొని, మందుతో సహా లేచి నేరుగా ఆ మనిషి మొహానికే వచ్చింది.

మా సార్‌కు చూపించాను.

"ఆ మనిషిని తీసెయ్‌రా, లెక్క జల్ది అయితది."

"మరి నడిపేటోడు యాడ నిలవడాలె సార్?"

"గది నీకెందుకు? కొనేటోడు అడుగుతడా?"

నేను తియ్యనంటే ఆయనే తీసేశాడు. ఇప్పుడు బొమ్మ శుభ్రంగా ఉందని అందరూ మెచ్చుకుంటున్నారు. నా మాట వినే దిక్కు లేదు.

అమ్మ దగ్గు తగ్గిందా? దవాఖానకు తీసుకుపో. నా పాత చొక్కా చింపి నాయిన మూతికి కట్టు. ఇక్కడ నా చేతిలో ఏమీ లేదు. అక్కడ గట్టు మీది మనిషిని నువ్వైనా పక్కకు లాగు.

అమ్మను ప్రార్థనలో నా పేరు తీసేసి నాయిన పేరు చెప్పమను.

దినేష్