నలభై ఒక్క 'అర్థమైందా'లు

జూన్ 17
సెవెన్త్ బి నాకు పడింది. నాకంటే ముందు ఇద్దరు టీచర్లు దండం పెట్టి వదిలేసిన క్లాసు. సైన్సు చెప్పడానికి వెళ్ళి నలభై నిమిషాలూ సైలెన్స్, సైలెన్స్ అని గొంతు చించుకున్నాను. హెచ్.ఎమ్. గారు పిలిచి, జులై పదిన వెనక బెంచీలో కూర్చుని చూస్తాననీ, అప్పటికి క్లాసు నా చేతికి రాకపోతే వేరే టీచర్ని వెతుక్కుంటాననీ చెప్పారు. మెత్తగానే చెప్పారు. అందుకే భయం వేసింది.

జూన్ 19, సాయంత్రం
గొంతు పోయింది. ఇల్లు ప్రశాంతంగా ఉందని అక్క సంతోషిస్తోంది.

జూన్ 24
వెనక బెంచీ కింద ఒక కాగితం దొరికింది. నిలువు గీతలు నాలుగు, ఐదోది అడ్డగీత. అలా కట్టలు కట్టలు. పైన 'అర్థమైందా' అని రాసి ఉంది. ఒక్క పీరియడ్‌లో నేను ఆ మాట నలభై ఒక్కసార్లు అన్నానట! ఆ గుండ్రటి అక్షరాలు వసపిట్టవే. ఆ బెంచీలో కూర్చునే పిల్లకి ఆ పేరు నేనే పెట్టుకున్నాను. ఆ పిల్ల నోరు మూతపడగా చూడలేదు.

ల్యాబ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. లెక్కల మాస్టారు వచ్చి, కాగితం చూసి, కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. ఒళ్ళు మండింది. లెక్కపెట్టాలంటే వినాలి కదమ్మా, అంటే నీ మాట వింటున్నారన్నమాట అన్నారు. అడిగాక జవాబు కోసం ఆగుతున్నావా అనీ అడిగారు. ఆగట్లేదు. ఆగితే అర్థం కాలేదంటారేమోనని భయం. ఈసారి అడిగి మనసులో పది లెక్కపెట్టుకోమన్నారు. కొత్తలో ఆయన 'కాబట్టి'లు కూడా పిల్లలు లెక్కపెట్టారట.

జూన్ 25
దొంగ చేతికే తాళాలిచ్చాను. బోర్డు మూల గీతలు గీసే పని వసపిట్టకు అప్పగించాను. లెక్క తప్పిపోతోంది, నోళ్ళు మూయండని అదే అందరినీ కసిరింది. ఇరవై రెండు.

జులై 3
ఆరు. పది లెక్కపెట్టడం మాత్రం ప్రాణసంకటం. ఏడు దగ్గరే నోరు దురద. నా పెదాలు కదలడం చూసి, నేను పదిదాకా లెక్కపెడుతున్నానని వసపిట్ట కనిపెట్టేసింది.

జులై 10
హెచ్.ఎమ్. గారు వచ్చి వసపిట్ట పక్కనే కూర్చున్నారు. నీడలో కూడా బట్టలు ఎలా ఆరుతాయన్నది పాఠం. భయానికి నాలుక పరుగెత్తింది. వసపిట్ట బెంచీ మీద నాలుగు వేళ్ళు చూపించింది. వెంటనే ఐదు. ఆగిపోయాను. అర్థమైందా అని ఒక్కసారి, నిజంగా అడిగాను.

మనసులో తొమ్మిది లెక్కపెట్టేసరికి వసపిట్టే చెయ్యెత్తింది. అర్థం కాలేదు టీచర్ అంది. హెచ్.ఎమ్. గారి పెన్ను ఆగింది. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. ఇంతలో ఇంకో చెయ్యి, ఇంకోటి. మొత్తం పదకొండు. ఇన్నాళ్ళూ ఎంతమందికి కాలేదో! నా రుమాలు తడిపి, ఎలా ఆరుతుందో చూడమని వసపిట్ట చేతికిచ్చి, మొదటినుంచీ మళ్ళీ చెప్పాను. ఒక్కరూ గుసగుసలాడలేదు. వీళ్ళంటే నాకెంత ఇష్టమో అప్పుడు తెలిసింది.

జులై 11
హెచ్.ఎమ్. గారు ఒక్క ముక్క రాశారు: ఈ క్లాసులో పిల్లలు అర్థం కాలేదని చెప్పగలుగుతున్నారు, ఈ టీచరే ఉంటారు.

ఇవాళ సున్నా. వసపిట్ట చాక్‌పీసు పట్టుకుని దీనంగా నిలబడింది. జాలేసి, బెల్లుకు ముందు, అర్థమైందా అన్నాను.

క్లాసంతా గొంతెత్తి ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టింది. పదిదాకా ఆగాను.